గిన్నెలు మోగిన ఇల్లు: చిత్తూరు పాత టాకీసులో డాన్స్ క్లబ్ కేసు

వెనకింటి అవ్వ వంటింట్లో గిన్నెల స్టాండు మోగుతోందని ఫోన్ వచ్చేసరికి నేను ఆఖరి బిల్లు కూడా పంపేశాను. రీడింగులన్నీ పాస్. రిపోర్టు బైండింగ్ చేయించి ఓనరు చేతికిచ్చి వారం కూడా కాలేదు. ఆ ఫోన్ తర్వాత ఇంకో 7 నెలలు అదే బిల్డింగు చుట్టూ తిరిగాను.

నాది సౌండ్ పని. స్పీకర్లు అమ్మను. గదిలో చప్పుడు ఎట్లా ఉండాలి, గది దాటి ఎంత పోవాలి, అంతవరకే. కల్యాణ మండపాలు, కాలేజీ ఆడిటోరియాలు చాలా చేశాను. పాత సినిమా హాలును క్లబ్బుగా మార్చే పని మాత్రం అదే మొదటిసారి.

హాలు చిత్తూరు టౌన్‌లో. స్వాతంత్ర్యానికి ముందు నాటకాల కోసం కట్టింది. చెక్క పలకల స్టేజీ, దాని కింద మనిషి వంగి నడిచేంత ఖాళీ. సున్నంతో కట్టిన 14 అంగుళాల ఇటుక గోడలు. నాటకాలు తగ్గాక స్టేజీ ముందు తెర కట్టి టాకీసు చేశారు. తర్వాత కాంక్రీటు బాల్కనీ వచ్చింది, పెంకులు పోయి ఇనుప ట్రస్సుల మీద ఆస్బెస్టాస్ రేకులు వచ్చాయి. లోపల కొలత 24 మీటర్లు, 15 మీటర్లు. ఎత్తు సుమారు 8. ముఖం మెయిన్ రోడ్డు వైపు. వీపు, అంటే స్టేజీ గోడ, ఓ సందులోకి. సందు దాటితే మిద్దె ఇళ్లు.

ఓనరు మూడో తరం కుర్రాడు. ఇంటి వ్యాపారం మామిడి గుజ్జు. శనివారం వస్తే చిత్తూరు పిలకాయలంతా కార్లేసుకుని బెంగళూరుకో, చెన్నైకో పోతున్నారు, ఆ డబ్బు ఇక్కడే ఎందుకు ఖర్చు కాకూడదు అన్నది అతని లెక్క. మొదటి రోజే ఫోన్లో ఫొటోలు చూపించాడు. ఒకటి లండన్ కామ్డెన్‌లోని కోకో. 1900లో థియేటర్‌గా తెరిచారు, ఆర్కిటెక్టు స్ప్రేగ్. తర్వాత అది సినిమా హాలైంది, బీబీసీ రేడియో థియేటరైంది, 1970ల్లో పాటల క్లబ్బయింది, 2004 నుంచి కోకో. రెండోది న్యూయార్క్ స్టూడియో 54. 1927లో ఒపేరా హౌస్, తర్వాత సీబీఎస్ అనే టీవీ సంస్థ వాళ్ల స్టూడియో, 1977లో డిస్కో, 1998 నుంచి మళ్లీ నాటకాలు.

"మనది కూడా ఇట్లాంటిదే కదా సార్, నాటకాల హాలు, సినిమా హాలు, ఇప్పుడు క్లబ్బు" అన్నాడు.

చరిత్ర వరకు నిజమే. కట్టడం వేరు. అవి బరువైన కట్టడాలు. మనది మంచి గోడల మీద రేకుల షెడ్డు. ఈ మాట నేను అప్పుడే గట్టిగా అని ఉండాల్సింది. అన్నాను గానీ, ఆ గోడల్ని చేత్తో తట్టి చూసి నేనూ కొంచెం మురిసిపోయాను.

మొదటి విడత: ఫోమ్, తలుపులు, బాల్కనీ

నేను వెళ్లేసరికే బెంగళూరు నుంచి ఓ టెంపో నిండా ఫోమ్ దిగి ఉంది. గుడ్ల ట్రేలా గుంటలు గుంటలుగా ఉండే నల్ల ఫోమ్. గోడలకు ఇది అంటిస్తే సౌండ్ బయటికి పోదని అమ్మినవాళ్లు చెప్పారట. రెండు విషయాలు చెప్పాల్సి వచ్చింది. ఒకటి, స్పాంజిలా గాలి ఆడే వస్తువు చప్పుడును ఆపలేదు. గదిలో గలగల తగ్గిస్తుంది, అదీ పైస్థాయి శబ్దాల్లోనే. బేస్‌కి, అంటే కింది స్థాయి దబదబలకు, అది ఉన్నా లేనట్టే. రెండోది నోటితో చెప్పలేదు. ఓ జానెడు ముక్క కోసి సైకిల్ స్టాండులో సిమెంటు గచ్చు మీద పెట్టి లైటర్ వెలిగించాను. మూడు నాలుగు సెకన్లలో అంటుకుంది. కరిగి బొట్లు బొట్లుగా మండుతూ కారింది. నల్ల పొగ వచ్చి వాచ్‌మన్ దగ్గుతూ గేటు దాకా పోయాడు. 2003లో అమెరికా రోడ్ ఐలండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్బులో స్టేజీ మీద కాల్చిన బాణసంచా నిప్పు ఇట్లాంటి ఫోమ్‌కే తగిలి 100 మంది చనిపోయారు. టెంపో సాయంత్రానికి వెనక్కి పోయింది. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

ఫోమ్ బదులు గోడల మీద 100 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు పరుపు), దాని వెనక ఖాళీ, పైన గ్లాస్ క్లాత్, చిల్లుల రేకు వేయించాం. ఇది మండదు. కింది స్థాయి శబ్దాన్నీ కొంత పీల్చుకుంటుంది.

తలుపుల దగ్గర గొడవ పెద్దది. హాలుకు 9 తలుపులు. సినిమా ఆట వదిలితే జనం నేరుగా బయటపడటానికి కట్టినవి. పాత టేకు రెక్కలు, కింద వేలెడు సందు. శబ్దం లెక్కలో ఆ సందు ఎంత పని చేస్తుందో చాలామందికి తెలియదు. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే చాలు, మిగతా 99 వంతులు ఎంత మందంగా కట్టినా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్స్ మించదు. అందుకే మేస్త్రీ, "ఆరు తలుపులు ఇటికెలేసి మూసేద్దాం సామీ, మూడుంటే జాస్తి" అన్నాడు. ఓనరుకూ నచ్చింది.

నేను ఒప్పుకోలేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోయింది మంటల్లో కాలి కాదు, ఎక్కువగా పొగకి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ లేచింది, బాల్కనీలో దారి మూసి అదనపు సీట్లు వేశారు, జనం బయటపడలేకపోయారు. సినిమాలో కనీసం అందరూ కూర్చుని ఒకే వైపు చూస్తుంటారు, లైట్లేస్తే తలుపు కనిపిస్తుంది. క్లబ్బులో చీకటి, మత్తు, చెవులు పగిలే చప్పుడు. తలుపులు సినిమా హాలు కంటే ఎక్కువ కావాలి, తక్కువ కాదు. ఈ ఒక్క చోట నేను "మూస్తే నేను తప్పుకుంటా" అన్నాను. మూయలేదు. ఒక్కో తలుపు లోపల ఇంకో తలుపు పెట్టి మధ్యలో మంచం పట్టేంత గది వదిలాం. రెంటికీ తోస్తే తెరుచుకునే బార్లు, చుట్టూ రబ్బరు పట్టీ, కింద దిగే సీలు. లోపలి తలుపు తీసినప్పుడు బయటిది మూసి ఉంటుంది కాబట్టి చప్పుడు నేరుగా వీధిలో పడదు. ఖర్చు పెరిగింది, కోపాలూ వచ్చాయి.

బాల్కనీ సంగతి తొందరగా తేలింది. మన బిల్డింగు కోడు లెక్కన బిగించిన సీట్లున్న హాలు నేలకు చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్ల (సుమారు 400 కిలోల) భారం చాలు, సీట్లు లేకపోతే 5 కావాలి. అంటే సీట్లు పీకేసిన క్షణం నుంచీ ఆ బాల్కనీ చేయాల్సిన పని మారిపోతుంది. పైగా గంతులు వేరే రకం బరువు. డీజేలు వాడే తాళం నిమిషానికి 128 దెబ్బలు అనుకుంటే సెకనుకు 2.13. గంతుల్లో దాని రెట్టింపు ఊపూ ఉంటుంది, అది 4.27. బాల్కనీ ముందంచు మీద మునివేళ్ల మీద లేచి మడమలు ధన్‌మని దించి, అక్కడ పెట్టిన సెన్సర్‌లో చూస్తే స్లాబు 4.4 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 4.4 సార్లు ఊగుతోంది. ఉయ్యాలను సరిగ్గా దాని ఊపులోనే తోసినట్టు. బాల్కనీలో డాన్సు లేదు, పాత కుర్చీలే ఉంటాయి అని రాసిచ్చాను. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టాడు.

లైసెన్సులు, బార్ పర్మిషన్లు ఓనరు లాయరు చూసుకున్నాడు. నాకు దాంతో పని లేదు.

నేను పొరబడ్డ చోటు

డీజే ఎక్కడుండాలి? ఎవర్ని అడిగినా స్టేజీ మీద అనే అంటారు. నాటకాల హాలు కదా. నల్లటి పాత ఆర్చి, దాని మీద సున్నపు పూల పని, వెనక తెర. ఓనరు తాత ఆ స్టేజీ మీద హరిశ్చంద్ర వేషం కట్టాడట. ఆ ఆర్చి కింద లైట్లు పడితే ఫొటో ఎట్లా వస్తుందో నాకూ తెలుసు. నాలుగు సబ్‌వూఫర్లు, అంటే బేస్ మాత్రమే మోగించే పెద్ద స్పీకర్లు, స్టేజీ అంచునే పెట్టించాం.

ట్రయల్ రోజు రాత్రి 10 దాటాక డాన్స్ ఫ్లోర్ మీద 100 డెసిబెల్స్ పెట్టి, వెనక సందులో మీటర్ పట్టుకున్నాను. 46 వచ్చింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాణిజ్య ప్రాంతానికి 55, నివాస ప్రాంతానికి 45. సొంత స్థలంలోని సౌండ్ సిస్టమ్ అయితే హద్దు దగ్గర ఆ పరిమితి కంటే 5 మించకూడదు. ఏ లెక్కన చూసినా పాస్. రిపోర్టు రాసేశాను.

తర్వాతి శనివారమే ఆ ఫోన్.

అవ్వ ఇల్లు సందుకు అవతల. రిటైరైన టీచరమ్మ. నన్ను వంటింట్లోకి తీసుకుపోయి మాట్లాడకుండా నిలబెట్టింది. గోడకు కొట్టిన స్టీలు స్టాండులో పళ్లేలు నిలువుగా పేర్చి ఉన్నాయి. అవతల డీజే పాట ఎత్తుకున్నాడు. పాట వినబడలేదు. పళ్లేలు మాత్రం సన్నగా జుయ్యిమని మొదలుపెట్టాయి. నేను వేలు ఆనిస్తే ఆగాయి, తీస్తే మళ్లీ. పక్కన చెంబులో నీళ్ల మీద గుండ్రంగా గీతలు.

"సినిమా ఆడేటప్పుడు సెకండ్ షో మాటలన్నీ నా మంచం దాకా వినబడేవి నైనా. నలభై ఏండ్లు విన్న్యా. యాడ ఏడస్తారో, యాడ కొట్టుకుంటారో చెప్పేదాన్ని. అది చప్పుడు. ఇది చప్పుడు కాదు. గుండెకాయ మీద ఎవురో తడతాండారు" అంది.

ఆ మాటలోనే మొత్తం కేసు ఉంది. నా మీటర్ చూపించింది ఏ-వెయిటెడ్ అంకె. మనిషి చెవి తక్కువ చప్పుళ్లలో బేస్‌ను పెద్దగా పట్టించుకోదు కాబట్టి, ఆ లెక్క కూడా బేస్‌ను బాగా తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే నిజంగా 70 ఉన్న బేస్ దెబ్బ ఆ అంకెలో 44గా కనిపిస్తుంది. నియమం ఏ-వెయిటెడ్‌లోనే ఉంది, నేను చేసింది చట్టప్రకారం సరే. మర్నాడు అదే చోట అదే మీటర్‌ను ఆక్టేవ్ బ్యాండ్లలోకి, అంటే కింది నుంచి పై దాకా ఒక్కో స్థాయిని విడిగా చూపించేలా, మార్చి కొలిస్తే 63 హెర్ట్జ్ దగ్గర 71 ఉంది. మీటర్లో ఆ బటన్ మొదటి రోజు నుంచీ ఉంది. నేను నొక్కలేదు.

పాత సినిమా స్పీకర్లూ సరిగ్గా అదే స్టేజీ మీద, తెర వెనక, ఇంతకాలం మోగాయి. మరి అప్పుడు పళ్లేలు ఎందుకు మోగలేదు? ఆ హార్న్ స్పీకర్లు మాటల కోసం చేసినవి. లోతైన బేస్ వాటిలో లేదు. ఇప్పటి సబ్‌వూఫర్లు 40, 50 హెర్ట్జ్‌ను గంటలకొద్దీ కుమ్ముతాయి. 50 హెర్ట్జ్ అల పొడవు సుమారు 7 మీటర్లు. దానికి తలుపు సందూ, రబ్బరు పట్టీ ఒక లెక్కే కాదు. రెండు దారుల్లో పోతోంది. మొదటిది స్టేజీ. బోలు చెక్క మీద సబ్‌వూఫర్ పెట్టడమంటే డప్పు మీద పెట్టడమే. స్టేజీ దూలాలు నేరుగా వెనక గోడలో గుచ్చి ఉన్నాయి. రెండోది పైకప్పు. 14 అంగుళాల గోడ ఆ స్థాయిలో 38 దాకా ఆపుతుంది. రేకు, దాని కింది పాత ఫాల్స్ సీలింగూ కలిపి 20 ఆపితే ఎక్కువ. నేను గోడలకూ తలుపులకూ లక్షలు పెట్టించి, నెత్తిమీద రేకును వదిలేశాను.

హాలును తిప్పి పెట్టడం

కప్పు బరువు పెంచితే సరిపోతుందనిపిస్తుంది. చదరపు మీటరుకు 40 కిలోలు చేర్చినా 360 చదరపు మీటర్లకు 14 టన్నులు దాటుతుంది. రేకుల కోసం, గాలి కోసం లెక్కేసిన ట్రస్సులు అవి. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒక్క ముక్కలో వద్దన్నాడు. ఆస్బెస్టాస్ రేకులకు పొడిగా చిల్లులు పెట్టడం, కోయడం నేనే ఒప్పుకోను, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. వెల్డింగ్ మాట కూడా ఎవరో ఎత్తారు. ఓనరు ముచ్చటపడ్డ కోకోకు 2020 జనవరిలో, రిపేర్లు జరుగుతుండగానే కప్పు అంటుకుంది. మళ్లీ తెరవడానికి 2022 అయింది. ఇది అతనికే గుర్తుచేశాను.

చివరికి తోచింది ఇది. హాలంతా క్లబ్బు ఎందుకు కావాలి? రోడ్డు వైపు, బాల్కనీ కింద, 12 మీటర్లు 9 మీటర్ల గది ఒకటి కడదాం. సొంత గోడలు, సొంత కప్పు, పాత బిల్డింగుకు ఎక్కడా గట్టిగా తగలకుండా. డాన్సు, సబ్‌వూఫర్లు అన్నీ ఆ పెట్టెలోనే. మిగతా పెద్ద హాలు తిండి, కూర్చునే చోటు, మామూలు పాటలు. అంటే పెట్టెకూ అవ్వ ఇంటికీ మధ్య ఆ పాత హాలే గాలి పరుపు అవుతుంది.

స్టేజీ వదులుకోవాలి అని చెప్పిన రోజు ఓనరు చాలాసేపు మాట్లాడలేదు. కుర్చీ లేని నేల మీద గొంతుక్కూర్చుని ఆర్చి వైపే చూశాడు. "ఆ ఫొటో కోసమే కదా సార్ నేను దీన్ని పడగొట్టకుండా ఉంచింది" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

పెట్టె కప్పులో ఓ చిన్న విషయం రాయాలి, ఎందుకంటే అక్కడే మళ్లీ తప్పు జరగబోయింది. రెండు పొరల జిప్సం బోర్డు, ఒక పొర సిమెంటు బోర్డు, చదరపు మీటరుకు సుమారు 36 కిలోలు. స్ప్రింగుల హ్యాంగర్లతో, గది సొంత ఇనుప చట్రం నుంచి వేలాడాలి. పైన బాల్కనీ స్లాబుకూ దీనికీ మధ్య 300 మిల్లీమీటర్ల ఖాళీ అడిగాను. కింద ఎత్తు 12 అడుగులే, గది కుదించుకుపోతుందని కాంట్రాక్టరు 50 చాలన్నాడు. రెండు బరువుల మధ్య గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. ఖాళీ 300 ఉంటే ఆ స్ప్రింగు ఊపు 19 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, పాటల్లో అక్కడ ఏమీ ఉండదు. 50 ఉంటే 47 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది కిక్ డ్రమ్ ఉండే చోటే. లక్షలు పెట్టి కట్టిన కప్పు సరిగ్గా ఆపాల్సిన చప్పుడునే మోసుకుపోయి పైకి ఇచ్చేది. కాగితం మీద ఈ రెండు అంకెలు రాసి చూపించాక కాంట్రాక్టరు, "సరే, పొడుగోళ్లు చేతులెత్తకుండా ఆడతారులే" అన్నాడు. 300 వదిలాం.

నేల కింద రబ్బరు దిమ్మల మీద కాంక్రీటు పలక, అంచుల చుట్టూ మెత్త పట్టీ. వాలుగా ఉన్న పాత నేలను సమం చేయడానికి మట్టి పోయలేదు, ఇనుప డెక్కు వేశాం. ఒకరోజు తనిఖీకి పోతే ప్లంబరు పెట్టె గోడలోంచి ఏసీ పైపును పాత గోడలోకి నేరుగా సిమెంటుతో బిగించి ఉన్నాడు. ఆ ఒక్క పైపు చాలు, రెండు గదులూ మళ్లీ ఒకటైపోతాయి. పగలగొట్టించి మెత్త గొట్టం వేయించాను. ఆ తర్వాత రోజూ పోయాను.

జనం లెక్కలో ఓనరుకు ఇంకో దెబ్బ. సినిమా హాలుగా అందులో 600 పైచిలుకు సీట్లు, అంతమందీ డాన్సు చేస్తారని అతను బ్యాంకుకు లెక్క రాసుకున్నాడు. బారు, డీజే పోగా పెట్టెలో మిగిలింది 88 చదరపు మీటర్లు. నిలబడే మనిషికి 0.65 చదరపు మీటర్లు వేస్తే 135 మంది. ఆ అంకెను తలుపు పైన పెయింట్ చేయించాం. అతను దాన్ని చూసి ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు.

ఆంప్లిఫయర్ల ముందు లిమిటర్ పెట్టాం, చప్పుడు హద్దు దాటకుండా ఆపే పెట్టె. ఈసారి 63 హెర్ట్జ్ బ్యాండ్‌కు విడిగా హద్దు, పాస్‌వర్డు నా దగ్గరా మేనేజరు దగ్గరా మాత్రమే. బెంగళూరు నుంచి వచ్చిన మొదటి డీజే ర్యాకు వెనక చెయ్యి పెట్టి దాన్ని తప్పించబోయాడు. ఆ ర్యాకుకు ఇప్పుడు తాళం ఉంది.

రెండో ట్రయల్ రాత్రి నేను సందులో నిలబడలేదు. అవ్వ వంటింట్లోనే కూర్చున్నాను, స్టాండు పక్కన మీటర్ పెట్టి. 63 హెర్ట్జ్ దగ్గర సిస్టమ్ ఆపినప్పుడు 49. మోగించినప్పుడు 49, ఒక్కోసారి 50. అవ్వ పళ్లెం ఒకటి తీసి, ఆరబెట్టిన గుడ్డతో తుడిచి, మళ్లీ స్టాండులో పెట్టి చెవి దగ్గరగా వంచి వినింది. "మోగల్యా" అంది. కాసేపాగి, "ఆదోవారం ఏం పెడతారు లోపల?" అని అడిగింది.

ఆదివారం స్టేజీ మీద సబ్‌వూఫర్లు లేకుండా కచేరీ, ఒక్కోసారి పద్య నాటకం. ఆ ఆలోచన ఓనరుదే. ఆర్చి ఫొటో అట్లా వచ్చింది అతనికి, డీజే లేకుండా.

ఒకటి మిగిలింది. నవంబరులో వానలు పడ్డప్పుడు పెద్ద హాల్లో రేకుల మీద చప్పుడుకు టేబుల్ అవతలి మనిషి మాట వినబడటం లేదు. నాటకం మధ్యలో వాన వస్తే ఆపి కూర్చుంటున్నారు. కప్పు మీద బరువు పెట్టకుండా వాన చప్పుడు తగ్గించాలి. రేకుల కింద తేలికైన రాక్‌వూల్ పరుపులు పరిచి చూద్దామని ట్రస్సు ఒక గడిలో శాంపిల్ కట్టాం. ఈసారి అన్ని బ్యాండ్లలోనూ కొలవడానికి సెన్సర్ పెట్టి వచ్చాను. ఇంకా గట్టి వాన పడలేదు.